4.3 పాత సేఫ్టీ రేజరు: గుర్తింపు, వాడకం

ఇంట్లో తాతగారి జిల్లెట్ రేజరు దొరికిందనుకోండి. అది ఏ కాలం నాటిదో ఎలా తెలుస్తుంది? 1950 దశకంలో అమెరికాలో తయారైన చాలా జిల్లెట్ రేజర్ల తల అడుగున ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం సంవత్సరాన్ని, అంకె మూడు నెలల కాలాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు ‘ఇ 3’ అంటే 1959 జూలై–సెప్టెంబరు. ‘డి’ అంటే 1958.

వాడే విధానం: రేజరును సబ్బునీటితో కడగండి. కొత్త బ్లేడు అమర్చండి. గడ్డం తడిపి, నురుగు పట్టించి, వెంట్రుకలు పెరిగే దిశలో నొక్కకుండా గీసుకోండి.

గుర్తుంచుకోండి: రేజరు పాతదైనా ఫరవాలేదు. ఒకరు వాడిన బ్లేడును మరొకరు వాడరాదు. గాటు పడితే హెపటైటిస్-బి వంటి వ్యాధులు సోకవచ్చు.

పాఠ్యగత ప్రశ్న: ‘సి 1’ ఏ కాలాన్ని తెలుపుతుంది?
జవాబు: 1957 జనవరి–మార్చి.