పుకార్ల రిజిస్టరు

హన్మకొండ
2021 మే 27

చిరంజీవి చిన్నికి తాత దీవెనలు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి పన్నెండు దాటింది. "తాతా, ఎనభై ఎనిమిది" అన్నావు. అంతే. ఏం ఎనభై ఎనిమిదో, ఎవరికో చెప్పలేదు. మీ నాయనమ్మ మంచం మీద లేచి కూర్చొని నా మొహంలోకే చూస్తోంది. నీ రూమ్మేటు వేలికి పెట్టిన ఆక్సీమీటరు సంగతి అని నాకు అర్థమయ్యేలోపే నువ్వు సిలిండరు కావాలని మూడు గ్రూపుల్లో పెట్టేశావు. రెమ్‌డెసివిర్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ ఏడుస్తున్నావు.

ఫోన్ ఆ పిల్లకిమ్మన్నాను. తన పేరు, ఊరు, రాత్రి నువ్వు చేసిన ఉప్మాలో ఉప్పెక్కువైన సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఈ కరోనా జబ్బులో మనిషి మామూలుగానే మాట్లాడుతూ లోపల ఆక్సిజన్ పడిపోవడం ఉంది. అందుకే మాటను నమ్మి వదిలెయ్యలేదు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో నీతో లెక్క పెట్టించాను. ఏసీ ఆపించాను. గోళ్లకున్న ముదురు రంగు తుడిపించి, అరచేతులు రుద్దించి, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి మళ్లీ పెట్టమన్నాను. తొంభై ఏడు. వేరే వేలికీ అంతే. ఆరు నిమిషాలు గదిలో నడిపిస్తే తొంభై ఆరు. చల్లటి వేళ్లు, గోళ్ల రంగు, రెండూ కలిసి మనింట్లో ముగ్గురికి నిద్ర లేకుండా చేశాయి.

మా ముగ్గురి నిద్ర పోతే పోయింది. తెల్లారేలోగా నీకు పదకొండు మంది ఫోన్ చేశారని పొద్దున నువ్వే చెప్పావు. అందులో ఒకాయన సిలిండరు పట్టుకుని బండి మీద బయల్దేరి, కర్ఫ్యూలో పోలీసులకు చెప్పుకుంటూ సగం దూరం వచ్చాడట. ఆ సగం దూరం నన్ను పొద్దుటి నుంచీ తొలుస్తోంది.

తిట్టడానికి రాయట్లేదు బిడ్డా. ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. కాగితం మీదైతే మధ్యలో అడ్డం పడలేవు. పోస్టు ఎప్పుడు చేరుతుందో ఏమో గనుక మీ నాన్న దీన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. పుకార్లొచ్చే దారినే నా ఉత్తరమూ వస్తోంది. ఏం చేస్తాం.

నేను 1974లో ఉద్యోగంలో చేరాను. ఆరోగ్య శాఖలో అట్టడుగు మెట్టు. ఒక సైకిలు, ఒక సంచి, వచ్చి చూసి వెళ్లినట్టు ఇళ్ల గోడల మీద తేదీ వెయ్యడం. మరుసటి ఏడు మే నెలలో దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. అదే చివరిదని అప్పుడెవరికీ తెలియదు కదా! ఇక లేదని నమ్మకం కుదరాలంటే ఊరూరా వెతకాలి. కేసు చూపించినవాళ్లకి వెయ్యి రూపాయల బహుమతి ప్రకటించారు. నా జీతం అందులో మూడో వంతు కూడా లేదు. వెయ్యి రూపాయలంటే జనం ఊరికే ఉంటారా? ఎండాకాలం చెమటకాయలు లేచినా పిల్లల్ని చంకనేసుకుని ఆరోగ్య కేంద్రానికి వచ్చేవాళ్లు.

ఆ కేంద్రంలో ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. దాని పేరు రూమర్ రిజిస్టరు. నవ్వకు, నిజంగానే సర్కారు పుకార్లకు రిజిస్టరు పెట్టించింది. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఏ ఊరు, ఏ ఇల్లు అని రాయాలి. దాని పక్కన, ఎవరు పోయి చూశారు, ఎప్పుడు చూశారు, ఏం తేలింది అన్న గడులు. చివరి గడి నిండేదాకా ఆ వరుస మూసినట్టు కాదు. మా డాక్టరుగారు సోమవారం సోమవారం పుస్తకం తెరిచి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా నా వైపు చూసేవారు. ఆ చూపుకి నేను ఎండలో సైకిలెక్కేవాణ్ణి.

ఒకసారి ఒక తండా నుంచి కబురొచ్చింది. అమ్మవారు పోసిందట, నలుగురు పోయిండ్రట. పుస్తకంలో అలాగే రాశాం. నేను సంచిలో మశూచి పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు పెట్టుకుని, గుండె చిక్కబట్టుకుని పోయాను. తండాలో ఒక గుడిసెకి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల ఆరేళ్ల పాప. పొక్కులు పొట్ట మీద, వీపు మీద దట్టంగా ఉన్నాయి. కొన్ని నీటి పొక్కులు, కొన్ని అప్పటికే ఎండిపోయినవి. అరచేతుల్లో, అరికాళ్లలో ఒక్కటీ లేదు. మశూచైతే ముఖాన, కాళ్లూ చేతుల మీద ఎక్కువుంటుంది, పొక్కులన్నీ ఒకే ఈడువి. ఇది ఆటలమ్మ. "మరి పోయిన నలుగురు ఎవరు?" అని అడిగాను. ముసలమ్మ తాపీగా చెప్పింది, "కోతలకు పోయిండ్రు సారూ, పున్నానికి వస్తరు."

తెలుగులో 'పోయారు' అన్న మాటకి రెండర్థాలుండటం వల్ల ఆ నలుగురూ పది కిలోమీటర్లలో చచ్చిపోయారు! దారిలో ఎవరూ అబద్ధమాడలేదు. ప్రతివాడూ తాను విన్నదే చెప్పాడు. మన కుటుంబం గ్రూపులో వచ్చేవి చూసినప్పుడల్లా నాకా ముసలమ్మ గుర్తొస్తుంది. అబద్ధాలు పుట్టించేవాళ్లు ఎక్కడో కొందరుంటారు. వాటిని మోసేవాళ్లం మాత్రం మనలాంటి మంచివాళ్లమే, భయంతోనో ప్రేమతోనో.

ఇంత చెప్పాక, విన్నదల్లా పుకారేనని కొట్టిపారేస్తావేమో. అదీ చేశాను నేను, దాని ఫలితమూ చూశాను. మశూచి పోయింది, రిజిస్టరు అటకెక్కింది. ఎనభైల్లో ఒక వానాకాలం, ఒక ముసలాయన తడిసి ముద్దయి వచ్చి "మా ఊళ్లె గత్తర లేసింది సారూ" అన్నాడు. మన దిక్కు కలరాని గత్తరంటారు, కంగారునీ గత్తరంటారు, నీకు తెలిసిందే. "ఏం గత్తర పెడుతున్నవ్ తాతా" అని నేనే హాస్యమాడాను. గదిలో అందరూ నవ్వారు. రెండు రోజుల తర్వాత పోయి చూస్తే ఒకే బావి నీళ్లు తాగే ఏడిళ్లలో వాంతులు, విరేచనాలు. బావిలో బ్లీచింగ్ పౌడరు వేయించి, ఉప్పు చక్కెర నీళ్లు తాగించి, మిగతావాళ్లను నిలబెట్టాం. ముగ్గురు పోయారు. ఈసారి పున్నానికి తిరిగొచ్చే పోవడం కాదు.

మొన్న ఫిబ్రవరిలో మీ పెదనాన్న "కరోనా లేదు గిరోనా లేదు" అంటూ పెళ్లికి మూడు వందల మందిని పిలిచినప్పుడు నాకు ఆ రోజు మా గదిలోని నవ్వులే వినిపించాయి. ఆ రోజు మాలాగే ఆయనా నిశ్చింతగా ఉన్నాడు మరి.

1994 సంగతి కూడా చెప్పాలి. అందులో కొంత మీ నాన్నకీ తెలియదు. ఆ సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగన్నారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఊరు ఖాళీ చేశారు. అక్కడి మరమగ్గాల మీద బతికేవాళ్లలో మన తెలుగువాళ్లు, మన జిల్లాల పద్మశాలీలు ఎంతోమంది. మా పరిధిలోని ఒక ఊరికి భార్యాభర్తలు తిరిగొచ్చారు. భర్తకి జ్వరం. ఊరివాళ్లు ఇద్దర్నీ పొలిమేర దగ్గరి బడిలో పెట్టి గొళ్లెం పెట్టారు. అన్నం గిన్నెను కర్రతో లోపలికి తోసేవాళ్లు. సొంత అన్నదమ్ములే. నేను డాక్టరుకు చెప్పి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పోయి, వేలి నుంచి రక్తం తీసి స్లైడు మీద పూసి పంపాను. మూడో రోజు తెలిసింది, మలేరియా అని. చలిజ్వరం, రోజు విడిచి రోజు. ఎవరైనా నిదానంగా అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడు.

ఇక్కడిదాకా అందరికీ చెప్పాను. చెప్పనిది ఇది. మొదటి రోజు బడి నుంచి వస్తూ కేంద్రం అలమారలోంచి టెట్రాసైక్లిన్ రెండు స్ట్రిప్పులు తీసి జేబులో వేసుకున్నాను. మీ అత్త అప్పటికి చిన్నది. ఊళ్లో మందుల షాపుల్లో ఆ మాత్రలు అప్పటికే అయిపోయాయి, నాలాంటివాళ్లు కొని దాచుకోబట్టే. మావి బియ్యం డబ్బాలో దాచాను. ఎవరికీ అవసరం పడలేదు. గడువు దాటాక పారేశాను. చివరికి దేశం మొత్తం మీద ఆ ప్లేగుతో చనిపోయింది యాభై పైచిలుకు మంది. మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు ఆ సూరత్‌నే ఊడ్పించి కడిగించి దేశంలోని శుభ్రమైన ఊళ్ల వరసలో నిలబెట్టారు. దానికి చీపుర్లు, లెక్కలు, నెలల తరబడి పని కావలసివచ్చింది. నా రెండు స్ట్రిప్పుల వల్ల మాత్రం ఎవరికీ ఏ మేలూ జరగలేదు. కాబట్టి నువ్వు రెమ్‌డెసివిర్ అన్నప్పుడు నీ మీద నాకు కోపం రాలేదు. బియ్యం డబ్బా గుర్తొచ్చింది.

ఆ ఇంజెక్షను సంగతి ఇప్పుడు నిదానంగా విను. ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి కూడా దాన్ని వాడమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోయిన నవంబరులోనే అంది. ఇవ్వాలా వద్దా అన్నది ఆస్పత్రిలో డాక్టరు తేల్చుకోవలసిన సంగతి, ఇంట్లో తొంభై ఏడు చూపిస్తున్న పిల్లకి దానితో పనే లేదు. ప్లాస్మా కోసం పోయిన నెలంతా మనవాళ్లు ఎంత తిరిగారో చూశావుగా. ఈ నెల 17న దాన్ని చికిత్స జాబితాలోంచే తీసేశారు. "నిన్నొకటి, ఇవాళొకటి చెప్తున్నారు, ఎవరిని నమ్మాలి" అన్నావు. నేనైతే నిన్నటిది మార్చుకున్నవాణ్ణే కొంచెం ఎక్కువ నమ్ముతాను. పోయి చూసి వచ్చి గడి నింపినవాడు వాడు. ఏడాదిగా ఒకే కషాయాన్ని ఒకే గొంతుతో అమ్ముతున్నవాడి పుస్తకంలో ఆ గడే ఉండదు.

స్టెరాయిడ్ల విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి డెక్సామెథసోన్ ప్రాణం నిలబెడుతుందని నిరుడు జూన్‌లో తేలింది. అవసరం లేనివాళ్లకి మేలేమీ కనబడలేదు. మీ గ్రూపులో తిరుగుతున్న "అయిదు రోజుల కోర్సు" చీటీలో మొదటి రోజు నుంచే ఆ మాత్ర ఉంది. ఆ చీటీ ఎవరికోసం రాసిందో, ఏ తేదీదో, ఎవరికీ తెలియదు.

బ్లాక్ ఫంగస్ అంటూ మీ నాయనమ్మ నిన్న పొద్దంతా ఫ్రిజ్ తలుపు రబ్బరు తోమింది. ఉల్లిగడ్డ మీది నల్లపొడి కూడా అదేనట. ఉల్లిగడ్డది వేరే బూజు. ఫంగస్ పట్టుకుంటున్నది ఎక్కువగా షుగరు అదుపులో లేనివాళ్లని, స్టెరాయిడ్లు ఎడాపెడా వాడినవాళ్లని. తోమనివ్వు, ఫ్రిజ్ శుభ్రమైంది, నష్టం లేదు. కానీ ఫ్రిజ్ తోమిన చేత్తోనే షుగరు మాత్ర వేసుకోవడం మర్చిపోయింది. పుకారు చేసే పని ఇదే చిన్నీ, చూడాల్సినచోట చూడనివ్వదు.

కరోనాకని పంచిన కృష్ణపట్నం నాటుమందు గురించి అడిగావు. ఈ 21న అక్కడికి వేలమంది ఎగబడ్డారు. సర్కారు ఆపించి, పరీక్ష చేయిస్తోంది. పోయినవాళ్లని వెక్కిరించలేను. ఆస్పత్రిలో బెడ్డు దొరకని మనిషి ఎటైనా పోతాడు. నా భయమల్లా ఆ క్యూ గురించే. ఊపిరాడని మనుషులు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు.

నిరుడు కోడి తింటే వస్తుందని ఊరూరా కోళ్లని కాదన్నప్పుడు మనం నవ్వుకున్నాం. ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సివచ్చింది. అదే నెలలో చిత్తూరు జిల్లాలో ఒకాయన, డాక్టరు మామూలు వైరల్ జ్వరమని పంపినా, ఫోన్లో వీడియోలు చూసి తనకి కరోనా వచ్చిందనుకున్నాడు. ఇంట్లోవాళ్లకి అంటకూడదని వాళ్లని దగ్గరికి రానివ్వలేదు. చివరికి ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆంధ్రాలో ఒక్క కేసూ లేదు. దీని గురించి ఇంకేం రాయను.

మా పాత సహోద్యోగి ఒకాయన ఏప్రిల్ చివరలో పోయాడు. ఆయనకి ఆక్సిజన్ బెడ్డు కావాలని కొడుకు పెట్టిన మెసేజీ, దహనం అయిన మూడు రోజులకి కూడా తిరుగుతూనే ఉంది. కర్మ చేస్తున్న కుర్రాడి ఫోన్ మోగుతూనే ఉంది, "బెడ్డు దొరికిందా బాబూ" అని. మెసేజీలో తేదీ లేదు, టైము లేదు.

అందుకే నేనొక నోటుపుస్తకం మొదలుపెట్టాను. మన కుటుంబం గ్రూపుకి రూమర్ రిజిస్టరు. నవ్వితే నవ్వు. నీ సిలిండరు మెసేజీ అందులో ఎక్కింది. పెట్టినచోటల్లా "27 ఉదయం, అవసరం లేదు" అని నువ్వే రాసి తీసెయ్యి, ఆ బండి ఆయనకి ఫోన్ చేసి క్షమించమని అడుగు. ఫ్రిజ్ రబ్బరు వరుస మూసేశాను. నీ రూమ్మేటు వరుస ఇంకా తెరిచే ఉంది. జ్వరం మొదలై ఆరో రోజు కదా, రెండో వారంలోనే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. తొంభై నాలుగు కంటే తగ్గి, రెండుసార్లు చూసినా అలాగే ఉంటే నాకు కాదు, డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆస్పత్రికి బయల్దేరు. అర్ధరాత్రయినా సరే.

రేపు ఎనిమిదింటికి అంకె, జ్వరం, టైము రాసి పంపు. పదింటికల్లా దుకాణాలు మూస్తారు, ముందే పోయి కూరగాయలు తెచ్చుకో. ఉప్మాలో ఉప్పు తగ్గించు.

మీ తాత