‘ఫుల్’ ఒక్కటే సరిపోతుందా?



ఆమధ్య ఆరో తరగతి పిల్లల్ని ‘మై డే’ అని ఒక పేరా రాయమన్నాను. ఒక బాబు ‘మై డే ఈజ్ స్టఫ్డ్’ అని రాశాడు. ఎర్ర పెన్నుతో ‘స్టఫ్డ్’ కొట్టేసి ‘ప్యాక్డ్’ అని దిద్దాను. ఆ దిద్దుబాటు మీద నాకే తర్వాత అనుమానం వచ్చింది. ఎందుకో చివర్లో చెప్తాను.

మన పిల్లలకు ఏది నిండినా ‘ఫుల్’ ఒక్కటే. బస్ ఫుల్, బ్యాగ్ ఫుల్, కడుపు ఫుల్. తప్పు కాదు. కానీ ఇంగ్లిష్‌లో ఒక్కో నిండుదనానికి ఒక్కో మాట ఉంది. మనింట్లో, మన వీధిలోనే వీటిని నేర్పొచ్చు.

చెరువు దగ్గర: 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, వార్తలు వానాకాలంలో చూస్తుంటాం. నీళ్లు ఎఫ్.టి.ఎల్. దాకా వస్తే ‘ఫుల్’. గ్లాసు అంచుదాకా నిండి, ఇంకో చుక్క వేస్తే ఒలికేలా ఉంటే ‘బ్రిమ్మింగ్’. ఇది ఎక్కువగా మంచి సందర్భాల్లో వాడే మాట. ఆత్మవిశ్వాసం నిండుగా ఉన్న పిల్లవాడు ‘బ్రిమ్మింగ్ విత్ కాన్ఫిడెన్స్’. ఊరి చెరువు మత్తడి దుంకితే ‘ఓవర్‌ఫ్లోయింగ్’.

బస్సులో: సాయంత్రం తార్నాకలో ఉప్పల్ బస్సు ఎక్కండి. సీట్లు లేకపోయినా కండక్టర్ తిరగగలిగితే ‘క్రౌడెడ్’. ఇది ముఖ్యంగా మనుషుల రద్దీకి వాడతాం. ఇక చోటే లేకపోతే ‘ప్యాక్డ్’. అయినా ఇంకో పదిమంది తోసుకుని ఎక్కితే ‘క్రామ్డ్’. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టడాన్నీ ‘క్రామింగ్’ అనే అంటారు. చోటు లేని తలలోకి తోయడమే కదా!

ఇంట్లో: ‘ఇల్లు కంజెస్టెడ్‌గా ఉంది’ అని మనం తరచుగా అంటాం. ‘కంజెస్టెడ్’ అంటే కదలాల్సింది కదలక ఆగిపోవడం. ఆఫీసుల టైములో ఉప్పల్ రింగ్ రోడ్డు, జలుబు చేసిన ముక్కు కంజెస్టెడ్ అవుతాయి. ఇరుకు గదికి ‘క్రాంప్డ్’ సరైన మాట.

భోజనం దగ్గర: గుత్తి వంకాయ కూర గుర్తు చేసుకోండి. కాయను చీల్చి మసాలా కూరితే అది ‘స్టఫ్డ్’. స్నేహితుల మధ్య కడుపు నిండితే ‘ఐయామ్ స్టఫ్డ్’ అనొచ్చు. పెద్దల ముందు ‘ఐయామ్ ఫుల్, థాంక్యూ’ మర్యాద.

స్కూల్ బ్యాగ్: బరువు మోయలేనంత ఎక్కువైతే ‘ఓవర్‌లోడెడ్’. 2020 జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగ్ బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు. ఈ ఆదివారం తూకం వేసి చూడండి.

ఇప్పుడు ఆ బాబు సంగతి. ‘ప్యాక్డ్’లో ఒక పద్ధతి కూడా ధ్వనిస్తుంది. ప్రయాణానికి సూట్‌కేస్ సర్దుకున్నట్టు మన పనులు మనమే అమర్చుకోవడం. ‘స్టఫ్డ్’ అలా కాదు. వంకాయ తనంతట తాను మసాలా కూరుకోదు, ఎవరో కూరాలి. బాబు పేరా మళ్లీ చదివాను. పొద్దున ట్యూషన్, తర్వాత స్కూల్, సాయంత్రం అబాకస్, రాత్రి హోంవర్క్. ఆ హోంవర్క్‌లో నేనిచ్చింది కూడా ఉంది. రోజు గురించి అలా చెప్పడం వాడుకలో అరుదే. కానీ తన మనసులో ఉన్నదానికి వాడు సరైన మాటే ఎంచుకున్నాడు. మర్నాడు నోట్‌బుక్ అడిగి తీసుకుని, నా దిద్దుబాటు కొట్టేసి ‘గుడ్ వర్డ్’ అని రాశాను.

ఇంగ్లిష్ రాదని వెనకాడే తల్లిదండ్రులకు ఒక మాట. నిండింది, కిక్కిరిసింది, కుక్కారు, పొంగింది: ఈ తేడాలన్నీ మన తెలుగులో మీకు బాగా తెలుసు. ముందు తెలుగులో చెప్పించండి, ఇంగ్లిష్ మాట మేం అందిస్తాం.

ఈ నెల ఇంటి పని మీకే. రాత్రి భోజనాల దగ్గర ‘ఈరోజు ఎలా గడిచింది: ఫుల్, ప్యాక్డ్, స్టఫ్డ్, ఓవర్‌ఫ్లోయింగ్?’ అని అడగండి. జవాబు వచ్చాక ‘ఎందుకు?’ అని కూడా అడగండి. గండిపేట నిండితే గేట్లు ఎత్తుతారు. పిల్లల రోజుకు గేటు ఎక్కడ ఎత్తాలో ఆ జవాబులోనే తెలుస్తుంది.