బరువు – భద్రత

ఖమ్మం నుండి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వైపు సాగే కొలదీ పంటపొలాలు తగ్గి అడవులు కనిపిస్తాయి. ఈ ప్రాంతపు మిరప బస్తాలను, తునికాకు మూటలను తరతరాలుగా హమాలీలే లారీలకెక్కించారు. నడుము నొప్పి ఆ వృత్తికి సహజమని లోకం భావించింది. వయోజనుడైన పురుషుడు మోసే బరువు 55 కిలోలకు మించరాదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది.

భద్రాచలం ఎదుట గోదావరి ఆవలి ఒడ్డున సారపాకలో పెద్ద కాగితపు కర్మాగారం ఉన్నది. అటువంటి పరిశ్రమలలో టన్నుల కొద్దీ బరువుండే కాగితపు చుట్టలను మనుషులు మోయలేరు. అందుకు ఫోర్క్‌లిఫ్ట్ అవసరం.

ఫోర్క్‌లిఫ్ట్ త్రాసు వంటిది. ముందు చక్రాలు ఆధారంగా, ఒకవైపు సరుకు, మరొకవైపు యంత్రపు బరువు తూగుతాయి. 3 టన్నులు ఎత్తగల యంత్రం తానే 4 టన్నులకు పైగా ఉంటుంది. సరుకును పైకెత్తి నడిపితే గరిమనాభి పైకి జరిగి, మలుపులో యంత్రం పక్కకు ఒరుగుతుంది. అప్పుడు బయటకు దూకిన డ్రైవరు దాని కిందనే నలిగిపోయే ప్రమాదముంది. బెల్టు పెట్టుకొని సీటులోనే ఉండటం క్షేమం.

సరుకు ఎక్కించే వేదిక వద్ద అపాయం మరీ ఎక్కువ. చక్రాలకు అడ్డుదిమ్మెలు లేని లారీ కదిలితే, నడుమ ఏర్పడిన సందులో యంత్రం పడిపోతుంది. వానకు తడిసిన నేల జారుతుంది. ఎత్తైన సరుకు డ్రైవరు చూపును కప్పివేస్తుంది; ఎదురుగా నడిచే కూలీ అతనికి కనబడడు.

"జాగ్రత్త" అని బోర్డు వ్రాసినంత మాత్రాన ప్రమాదాలు ఆగవు. బస్తాకింత అని కూలి లెక్కకట్టే చోట నిదానించినవాడు కూలి నష్టపోతాడు. గాయమయ్యేంత బరువును ఎవరిచేతా మోయించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. అదే న్యాయం యంత్రాలకూ వర్తించాలి. నడిచేవారికి వేరు దారి, తగిన వెలుతురు, శిక్షణ పొందిన డ్రైవరు, నిదానంగా పనిచేసేందుకు సమయం — వీటిని సమకూర్చడం యాజమాన్యం బాధ్యత. కార్మికుని భుజంపై బరువు తగ్గితే చాలదు; అతడు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలి.

అర్థాలు
గరిమనాభి = వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లుండే బిందువు
నిర్దేశించు = నియమంగా చెప్పు

ప్రశ్నలు
1. ఫోర్క్‌లిఫ్ట్‌ను త్రాసుతో ఎందుకు పోల్చారు?
2. హెచ్చరిక బోర్డులతోనే ప్రమాదాలు ఎందుకు ఆగవో వివరించండి.