జీపు చక్రం బురదను ఎటు విసురుతుంది?

విద్యార్థులారా! వానాకాలంలో బురదదారిన పోయే జీపును ఎప్పుడైనా గమనించారా? చక్రం మీద ఇనుపరేకు మడ్‌గార్డు ఉంటుంది. చాలా జీపులకు ఆ మడ్‌గార్డు అంచున నాలుగు వేళ్ళ వెడల్పుతో నల్లటి ప్లాస్టిక్ రెక్క ఒకటి బిగించి ఉంటుంది. విడిభాగాల దుకాణంలో దాన్ని ఫెండర్ ఫ్లేర్ అంటారు. మనం రెక్క అనే పిలుచుకుందాం. చూసేవాళ్ళు అదేదో అలంకారం అనుకుంటారు. కాదని మా వీధిలోని జీపు డ్రైవరుకు పోయిన వానాకాలంలో తెలిసివచ్చింది.

మా ఊరు సున్నిపెంట. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు పనుల కోసం వెలసిన ఊరు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉంది. చుట్టూ నల్లమల అడవి. ఆ అడవి లోపలి ఇష్టకామేశ్వరి గుడికి పోయే దారి అంతా రాళ్ళూ, గుంతలూ. జీపులే ఆ దారిన పోగలవు. ఒకరోజు మా డ్రైవరు జీపు బండరాయికి రాసుకుని, కుడివైపు ముందు చక్రం మీది రెక్క విరిగి ఊడిపోయింది. "నాలుగు వేళ్ళ ప్లాస్టిక్కే కదా, తర్వాత చూద్దాం" అనుకుని ఆయన అలాగే నడిపారు.

మర్నాడు ఎడమ మలుపు తిరుగుతుండగా బురదపెళ్ళ ఒకటి ఎగిరివచ్చి ఆయన కళ్ళ మీద పడింది. అప్పుడు బండి వేగం గంటకు 18 కిలోమీటర్లు. అంటే సెకనుకు 5 మీటర్లు. కళ్ళు తుడుచుకుని తెరిచేసరికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లలో ఆరుగురు యాత్రికులతో ఉన్న బండి 10 మీటర్లు చూపు లేకుండా పోయి, ఒక చెట్టును రాసుకుని ఆగింది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ చెట్టుకు అవతల వాగు ఉంది.

సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చి అడిగారు: "బురద వెనక్కి కదా పోవాల సార్! ముందు చక్రం బురద నా మొగం మీదికి ఎట్లొచ్చె?"

మంచి ప్రశ్న. జవాబు వెతుకుదాం.

గొడుగు చెప్పే పాఠం

తడిసిన గొడుగును తెరిచి, కర్రను నిటారుగా పట్టుకుని గిరగిర తిప్పండి. అంచు నుంచి నీటిబొట్లు ఎటు పోతున్నాయో గమనించండి. అవి గొడుగు మధ్య నుంచి బయటికి తిన్నగా పోవు. అంచును వదిలిన క్షణంలో అంచు ఎటు కదులుతున్నదో, అటే పోతాయి. వృత్తాన్ని ఒక్క బిందువు వద్ద తాకే సరళరేఖను స్పర్శరేఖ అంటారని గణితంలో చదువుకున్నారు కదా! బొట్టు పోయే దిశ అదే. కదిలే వస్తువు తిన్నగా అదే వేగంతో పోవాలని చూస్తుంది. ఈ గుణమే జడత్వం. బొట్టును వృత్తంలో తిప్పినది గొడుగు పట్టు. ఆ పట్టు తప్పగానే బొట్టు తన దారి తాను చూసుకుంటుంది.

ఇప్పుడు మీరు జీపులో కూర్చుని ముందు చక్రాన్ని చూస్తున్నారనుకోండి. జీపు ముందుకు పోతుంటే టైరు అడుగుభాగం మీకు వెనక్కి కదులుతూ కనబడుతుంది. వెనుక అంచు పైకి లేస్తుంది. పైభాగం ముందుకు పోతుంది. ముందు అంచు కిందికి దిగుతుంది. కాబట్టి నేలను విడిచిన వెంటనే ఊడిన బురద వెనక్కి పోతుంది. అది మన డ్రైవరు అనుకున్న బురద. కానీ టైరును ఇంకొంచెం సేపు అంటిపెట్టుకుని, వెనుక అంచున ఇరుసు ఎత్తు దాకా వచ్చి ఊడిన బురద నిట్టనిలువునా పైకి లేస్తుంది. అంతకంటే కాస్త కింద ఊడినది పైకీ, వెనక్కీ కూడా పోతుంది. ముందు చక్రం వెనకాల, దానికి కొంచెం పైన ఉన్నది ఎవరు? డ్రైవరే!

ఎంత ఎత్తుకు లేస్తుంది? పైకి విసిరిన వస్తువు చేరే ఎత్తు కావాలంటే, వేగపు వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. వేగం సెకనుకు 5 మీటర్లు. దాని వర్గం 25. గురుత్వ త్వరణం 9.8. రెట్టింపు 19.6. భాగిస్తే దాదాపు 1.28 మీటర్లు. ఇరుసు నేలకు సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. రెండూ కలిపితే 1.6 మీటర్లు పైచిలుకు. గాలి ఒరిపిడి వల్ల కొంత తగ్గినా, జీపులో కూర్చున్న మనిషి ముఖం ఆ ఎత్తులోనే ఉంటుంది. వేగం రెండింతలైతే ఎత్తు నాలుగింతలవుతుందని మరవకండి.

మడ్‌గార్డు ఉండగా బురద ఎలా వచ్చింది? టైరు వెడల్పులో కొంత భాగం మడ్‌గార్డు అంచు దాటి బయటికి ఉంది. ఎడమకు తిప్పినప్పుడు కుడి చక్రపు వెనుక భాగం ఇంకా బయటికి వస్తుంది. ఆ బయటి భాగానికి కప్పు రెక్క ఒక్కటే. అది లేదు.

ఇంటి ముందు ఒక ఆదివారం

కొత్త రెక్క తెప్పించి, మా విద్యార్థులు నలుగురు చూస్తుండగా ఇంటి ముందే బిగించాం. డ్రిల్లు పని పెద్దలదే. కళ్ళద్దాలు పెట్టుకోనిదే డ్రిల్లు ముట్టరాదు.

మొదట బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాం. విరిగిన రెక్క ముక్కలను, తుప్పు పట్టిన బోల్టులను తీసేశాం. కదలని బోల్టుకు నూనె వేసి అరగంట ఆగితే మరల సందుల్లోకి నూనె పాకి పట్టు సడలుతుంది.

రెక్క కింద ఏముందో చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. పాత రంధ్రాల చుట్టూ రంగు బుడగలుగా లేచి ఉంది. గోటితో గీరితే ఎర్రటి పొడి రాలింది. ఇనుము నీటితోను, గాలిలోని ఆక్సిజన్‌తోను కలిసి తుప్పవుతుంది. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగును కిందినుంచి పైకి తోస్తుంది. రంగు లేచిన చోట మళ్ళీ నీరు చేరుతుంది. ఇలా ఒక చిన్న రంధ్రం నుంచి మడ్‌గార్డంతా పాడవుతుంది. ఆ చోటును కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దాం. రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరాక పైన రంగు వేశాం. ఒక రోజు ఆగాం.

తర్వాత కొత్త రెక్కను టేపుతో అతికించి, స్టీరింగును ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పి చూశాం. టైరు ఎక్కడా తగలకూడదు. గుంతలో చక్రం పైకి లేస్తుంది కనుక పైన కూడా చోటు ఉండాలి. అప్పుడే రంధ్రాల చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. రేకు వెనుక వైర్లు, బ్రేకు గొట్టం లేవని చేత్తో తడిమి చూడాలి. గుర్తు మీద పంచుతో చిన్న నొక్కు చేస్తే డ్రిల్లు జారదు. ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం, తర్వాత దాన్నే 6 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపడా పెద్దది చేశాం. గరుకు అంచులను ఆకురాయితో తీసి, రంధ్రం లోపలి అంచుకు కూడా రంగు పూశాం. చాలామంది మరిచేది ఇదే. కొత్త తుప్పు పుట్టేదీ అక్కడే.

ఒక విద్యార్థిని అడిగింది: "సార్, రెక్క మధ్య రంధ్రం గుండ్రంగా ఉంది, చివరి రంధ్రాలు ఎందుకు పొడుగ్గా ఉన్నాయి?" వేడికి అన్నీ వ్యాకోచిస్తాయి, కానీ సమానంగా కాదు. ఒక మీటరు పొడవున్న ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే పొడవున్న ఏబీఎస్ ప్లాస్టిక్ మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. చలికాలపు తెల్లవారుజాముకూ, మన మండుటెండలో నిలిపిన నల్ల ప్లాస్టిక్‌కూ అంత తేడా ఉంటుంది. అన్ని రంధ్రాలూ గుండ్రంగా, బిగువుగా ఉంటే రెక్క ఉబ్బి పగులుతుంది. అందుకే మధ్యన గట్టిగా, చివరల్లో వాషరు వేసి జరగడానికి వీలుగా బిగించాలి.

బోల్టులకు జింకు పూత ఉన్నవి తీసుకున్నాం. జింకు ఇనుము కంటే చురుకైనది. తాను ముందు క్షయించి ఇనుమును కాపాడుతుంది. రెక్కకూ రేకుకూ మధ్య రబ్బరు పట్టీ పెట్టాం. లేకుంటే సందులో చేరిన ఇసుక, బండి అదిరినప్పుడల్లా రంగును గరుకు కాగితంలా అరగదీస్తుంది. వారం రోజుల తర్వాత బోల్టులు వదులయ్యాయేమో మళ్ళీ చూడాలి.

ఒక హెచ్చరిక. విరిగినదాని స్థానంలో అదే కొలత రెక్క వేయడం మరమ్మత్తు. పెద్ద టైర్లు వేసి, వాటికోసం వెడల్పు రెక్కలు తగిలించడం మార్పు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది.

తర్వాతి వానకు ఆ డ్రైవరు అడవినుంచి తిరిగివచ్చి బండి నా ముందు ఆపారు. కొత్త రెక్క అడుగున చెయ్యి పెట్టి, గుప్పెడు బురద తీసి చూపించారు. "ఇదంతా నా కండ్లలో పడాల్సింది సార్!"

అభ్యాసం

1. గంటకు 27 కిలోమీటర్ల వేగంతో పోయే జీపు చక్రం నుంచి నిలువుగా లేచిన బురద, ఇరుసు పైన ఎంత ఎత్తుకు చేరుతుంది? గాలి ఒరిపిడిని లెక్కించకండి.

2. సైకిల్ వెనుక మడ్‌గార్డు కిందిదాకా ఎందుకు వంగి ఉంటుంది? గొడుగు ప్రయోగాన్ని గుర్తు తెచ్చుకుని చెప్పండి.

3. మీ ఇంట్లో ఇనుప వస్తువు మీద మొదట తుప్పు పట్టిన చోటు వెతకండి. అక్కడ రంధ్రం, గీత, మేకు ఏమైనా ఉన్నాయా?