హిమములో ఒక గృహము

(గృహ కూడికలకు ధ్యాన పాఠము)

చదువవలసిన భాగములు: సామెతలు 31:10–31, కీర్తన 147:12–18, 2 తిమోతి 4:9–21



మార్గశిర మాసమున మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మిట్టలలో తెల్లవారుజామున లేచువారికి చలి యనగా ఏమో కొంత తెలియును. కంబళి కప్పుకొని, వాకిట నాలుగు పుల్లలు వేసి మంట చేసికొని, సూర్యుడు పైకి వచ్చువరకు కూర్చుందుము. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతములవారికి ఆ మాత్రపు చలియు అరుదు. అందుచేత గుణవతియైన భార్యను గూర్చిన అధ్యాయములో 21వ వచనము వచ్చినపుడు మనము త్వరగా చదివి దాటిపోవుదుము. ఆ స్త్రీ తన యింటివారిని గూర్చి చలికి జడియదని అక్కడ చెప్పబడినది. మన తెలుగు బైబిలులో చలి యని యున్న ఆ చోట హెబ్రీ మూలమునందున్న మాట హిమము. అనగా ఆకాశమునుండి కురియు మంచు. ఆ స్త్రీ తన యింటివారి నిమిత్తము సిద్ధపడియుండినది కప్పులమీద పేరుకొను మంచుకు, దారులు మూసివేయు మంచుకు.

అట్టి మంచును మనలో చూచినవారు కొద్దిమంది. కాబట్టి ఈ నెల ధ్యానమునకు హిమము నడుమ సుమారు నలువది సంవత్సరములు కాపురముండిన ఒక క్రైస్తవ కుటుంబమును తీసికొనుచున్నాము.

1. వారు కాపురముండిన ఊరు

ఉత్తరమున హిమాచల ప్రదేశములో లాహౌల్ అను లోయ గలదు. ఆ లోయలో భాగా నదికి పైగా కేలాంగు అను చిన్న పట్టణమున్నది. దాని ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 10,000 అడుగులు. మన తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ 4,000 అడుగులకు కొంచెము పైగా ఉండును. హార్సిలీ కొండ మీద మరి ఒకటిన్నర హార్సిలీ కొండ ఎత్తును ఊహించుకొనిన యెడల కేలాంగు ఎక్కడ నున్నదో కొంత బోధపడును.

దక్షిణమునుండి ఆ ఊరికి పోవుటకు రోహతాంగ్ కనుమను దాటవలెను. అది ఇంచుమించు 13,000 అడుగుల ఎత్తు. శీతకాలమున మంచు పడి సంవత్సరమునకు దాదాపు ఆరు నెలలు ఆ దారి మూయబడుచుండెడిది. 2020 అక్టోబరు 3న ఆ పర్వతము క్రింద తొమ్మిది కిలోమీటర్ల పొడవుగల అటల్ సొరంగము తెరువబడిన తరువాతనే ఈ కష్టము చాలవరకు తీరినది. మన ఊళ్ల నుండి సైన్యములో చేరిన యువకులు మనాలి నుండి లేహ్ పట్టణమునకు రోడ్డు మార్గమున పోవునపుడు ఈ కేలాంగు మీదుగానే పోవుదురు.

2. వారు అక్కడికి వచ్చిన విధము

మొరేవియన్ సంఘమువారు జర్మనీ దేశములోని హెర్న్‌హూట్ అను గ్రామము కేంద్రముగా గల చిన్న సంఘము. సంఖ్యకు చిన్నవారైనను 1732వ సంవత్సరము మొదలు దూరదేశములకు సువార్తికులను పంపినవారు. 1853లో వారు ఆగస్టు విల్‌హెల్మ్ హైడె, ఎడ్వర్డు పాగెల్ అను ఇద్దరిని మంగోలియా దేశమునకని పంపిరి. వారు మన దేశము మీదుగా పోవ దలచిరి గాని చైనా సరిహద్దు దాటుటకు సెలవు దొరకలేదు. తలంచిన దేశమునకు తలుపు మూయబడగా, ఆ సరిహద్దుకు ఇవతలనే లాహౌల్ లోయలో 1856లో ఇల్లు కట్టుకొనిరి. పౌలునకు ఆసియలోను బితూనియలోను దారి మూయబడి త్రోయలో తెరువబడిన సంగతి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో చదువుదుము. వీరికిని అట్లే జరిగినది.

1859లో ముగ్గురు కన్యకలు వారి సంఘమువారిచేత పంపబడి ఆ కొండలు ఎక్కి వచ్చిరి. వారిలో ఒకతె మరియ హార్ట్‌మన్. ఆమె 1837లో దక్షిణ అమెరికాలోని సూరినాం అను ఉష్ణదేశములో మిషనరీల కుమార్తెగా పుట్టినది. సంఘపు పెద్దలు కుదిర్చిన సంబంధమునకు ఒప్పుకొని, ఇరువదిరెండవ యేట, తానెన్నడు చూడని ఊరిలో హైడెను వివాహమాడినది. పెద్దలు కుదిర్చిన పెండ్లి మనకు క్రొత్త కాదు. అయితే పుట్టిల్లు, అత్తిల్లు రెండును సముద్రముల ఆవల నుండగా, ఆరు నెలలు దారియే లేని ఊరికి కాపురమునకు వచ్చుట మన ఊళ్లలో ఎవరును ఎరుగరు. ఆమెను మనము మన వాడుక చొప్పున మరియమ్మ అని పిలుచుకొందము.

3. అక్కడి అనుదిన జీవితము

లాహౌల్‌లో ఏడాదికి పండునది ఒకే పంట. యవలు, కొన్ని ఆకుకూరలు, గోధుమవంటి చిరుధాన్యములు వేసవిలో పండించుకొని, వాటితోనే శీతకాలమంతయు గడుపవలసి యుండెడిది. మన వైపున ఒక కారు తప్పినను మరియొక కారు మీద ఆశ యుండును. అక్కడ వేసవి తప్పిన యెడల రాబోవు వేసవి వరకు ఆశ యుండెడిది కాదు. కావున కనుమ మూయబడక మునుపే పిండి, ఉప్పు, వంటచెరకు, పశువులకు గడ్డి అన్నియు ఇంటిలో చేరవలసి యుండెడిది. చెట్లు తక్కువ గనుక పుల్లలతో కూడ పశువుల పేడయే పొయ్యికి ఆధారము. పిడకలు చేసి దాచుకొను మన స్త్రీలకు ఈ పని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఊరి ఇండ్లకు మట్టితో మెత్తిన చదునైన మిద్దెలు. మన పాత మట్టి మిద్దెల వంటివే. మంచు పడినపుడెల్ల మిద్దె మీది మంచును పారలతో త్రోసివేయవలెను. లేనియెడల బరువునకు కప్పు కూలును, కరగిన నీరు లోపలికి దిగును. గొఱ్ఱెలు, మేకలు, మనుష్యులు ఒకే కప్పు క్రింద చలికాలము గడుపుదురు. వేసవిలో చేని పని, శీతకాలములో ఉన్ని వడకుట, ఇదియే అక్కడివారి కాలచక్రము.

తపాలా కనుమ దాటి మనుష్యుల భుజముల మీద వచ్చెడిది. మంచు పడిన తరువాత అదియు నిలిచిపోవుచుండెను. ఇంటినుండి వచ్చిన ఉత్తరములో నున్న వార్త చేరునప్పటికి నెలలు గడచెడివి. పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు, తాను విడిచివచ్చిన అంగీని తెమ్మనియు, శీతకాలము రాకమునుపే రమ్మనియు బ్రతిమాలిన సంగతిని ఆ యింటివారు చదివినపుడు దానికి వ్యాఖ్యానము అక్కరలేకపోయి యుండును.

మొరేవియన్ సంఘములో 1731 నుండి ఒక అలవాటున్నది. సంవత్సరములో ప్రతి దినమునకు ఒక వాక్యము ముందుగా ఏర్పరచి పుస్తకముగా అచ్చువేయుదురు. అన్ని దేశములలోని ఆ సంఘపు కుటుంబములు ఆ దినము ఆ వాక్యమునే చదువుదురు. దారి మూయబడిన ఊరిలో నున్న కుటుంబమునకు ఇది ఎంత ఆదరణయో ఆలోచించుడి. ఉత్తరము రాకపోయినను, ఈ ఉదయము మనవారందరు ఈ మాటనే చదువుచున్నారని తెలియును.

4. మరియమ్మ చేతి పని

మరియమ్మ పెద్ద ప్రసంగములు చేసినట్లు మనము చదువము. ఆమె చేసిన పని సూదులతో. ఉన్ని వడకుట ఎరిగిన లాహౌల్ స్త్రీలకు, బాలికలకు మేజోళ్లు అల్లుట నేర్పినది. చలిదినములలో బాలికలు కూడి అల్లుచుండగా చదువును, బైబిలు కథలును వారికి చెప్పబడెను. మంచులో తడిసి బిగుసుకొను పాదములకు ఉన్ని మేజోడు అలంకారము కాదు, అది కాపుదల. ఆ పని ఆ లోయలో తల్లులనుండి కుమార్తెలకు దిగి వచ్చినది. లాహౌల్ ఉన్ని మేజోళ్లకు, చేతితొడుగులకు 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. లాహౌల్‌కు ఉర్లగడ్డ సేద్యమును తెచ్చినది కూడ ఆ మిషనరీలేయని అక్కడివారు చెప్పుకొందురు.

సామెతలు 31వ అధ్యాయములోని స్త్రీ గొఱ్ఱెబొచ్చును వెదకి చేతులార పనిచేయును, కదురు పట్టుకొనును, దీనులకు చేయి చాపును. ఈ మూడును మరియమ్మ జీవితములో ఒకే పనిగా కలిసినవి.

5. ఆ యింటిలోని కన్నీరు

ఇంతవరకు చెప్పి ఆపినయెడల ఈ పాఠము సత్యమైనది కాదు. ఆ యింటిలో పుట్టిన బిడ్డలలో కొందరు చిన్నతనముననే చనిపోయి ఆ కొండ మీదనే పాతిపెట్టబడిరి. బ్రదికినవారు చదువు నిమిత్తము చిన్న వయస్సుననే యూరపునకు పంపబడిరి. ఆనాటి మొరేవియన్ మిషనరీలకు అది వాడుక. ఆ తలిదండ్రులు స్వదేశమునకు తిరిగి వెళ్లినది 1903లో. అనగా హైడె బయలుదేరిన ఏబది సంవత్సరములకు. ఆ మధ్య ఒక్కసారియైనను వారు సెలవు మీద స్వదేశమునకు పోలేదు. చిన్నవానిగా పంపివేసిన కుమారుని పెద్దవానిగా చూచుట ఆ తల్లికి ఎట్లుండెనో మనము వ్రాయజాలము.

ఈ విషయములో వారిని అనుకరింపుడని మేము చెప్పుట లేదు. బిడ్డలను దేవుడు తలిదండ్రుల చేతికి ఇచ్చును. వారిని ఎడబాయుట తేలికగా ఎంచదగినది కాదు. అయితే మన సంఘములలో ఎందరు తల్లులు పదేండ్ల బిడ్డను బోర్డింగులో విడిచి, వెనుకకు తిరిగి చూడక బస్సు ఎక్కిరో మనకు తెలియును. నేడు బిడ్డలు బెంగుళూరుకు, గల్ఫు దేశములకు, మంచు కురియు కెనడాకు పోయి, ఇంటిలో ముసలివారిద్దరే మిగిలిన ఇండ్లును మనలో ఉన్నవి. అట్టివారు ఈ కుటుంబమును జ్ఞాపకము చేసికొనవలెనని మా కోరిక. ఆ కన్నీరు విశ్వాసము తక్కువైనందున వచ్చినది కాదు. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెను.

6. ఫలమెక్కడ?

నలువది సంవత్సరముల తరువాత కేలాంగులో బాప్తిస్మము పొందినవారి సంఖ్య బహు స్వల్పము. తరువాతి కాలమున ఆ మిషను స్టేషను మూయబడెను. లెక్కలు మాత్రమే చూచువారు ఆ పని వ్యర్థమైనదని చెప్పవచ్చును.

కాని ఆ యింటి ప్రక్కనే మరియొక పని జరుగుచుండెను. హైడెతో కూడ పనిచేసిన యెష్కె అను పండితుడు టిబెట్ భాషను శ్రమపడి నేర్చుకొని క్రొత్త నిబంధనను ఆ భాషలోనికి మార్చుచుండెను. కేలాంగులోనే రాతి అచ్చు మీద చిన్న పుస్తకములు అచ్చువేసిరి. యెష్కె 1883లో మరణించెను. సంపూర్ణ క్రొత్త నిబంధన 1885లో వెలువడెను. అతడు దానిని చూడలేదు. పాగెల్‌ను అతని భార్యయు పూ అను మరింత దూరపు ఊరిలో పనిచేసి, అదే 1883 జనవరిలో కొద్ది దినముల వ్యవధిలో ఇద్దరును మరణించిరి. హైడె దంపతులు 1898లో కేలాంగు విడిచి డార్జిలింగు ప్రాంతమునకు పోయి, ముసలితనమున ఆ క్రొత్త నిబంధనను సవరించు పనిలో సాయపడిరి. లడఖువాసియైన యోసేబు గెర్గాన్ పాత నిబంధన పనిని ముగించెను. టిబెట్ భాషలో సంపూర్ణ బైబిలు 1948లో వెలువడినది. మొదటివాడు విత్తినదానికిని చివరివాడు కోసినదానికిని నడుమ తొంబది సంవత్సరములు గడచినవి. విత్తువాడొకడు కోయువాడొకడు అను సంగతి ప్రభువు యోహాను 4వ అధ్యాయములో ముందే చెప్పియున్నాడు.

7. మనకు పాఠములు

మొదటిది: ఇంటి పని సేవయే. రాగి సంగటి కెలకుచు, పాలు పితుకుచు, కూలికి పోయి వచ్చి బిడ్డలకు వాక్యము చెప్పు తల్లి ప్రభువు పనిలో నున్నది. మైకు ముందర నిలుచువారినే సేవకులని పిలుచుట మన సంఘములలో మానవలెను.

రెండవది: ముందుగా సిద్ధపడుట అవిశ్వాసము కాదు. కనుమ మూయబడక మునుపే గాదె నింపుకొనిన కుటుంబము దేవునిమీద ఆనుకొనియే నింపుకొనినది. వేరుశనగ డబ్బు చేతికి వచ్చినపుడు పెండ్లి ఆడంబరములకు వ్యయపరచి, ఎండకాలమున అప్పునకు పోవు అలవాటును ఈ సంగతి గద్దించుచున్నది.

మూడవది: చిన్న సంఘమును తృణీకరింపవద్దు. మీ గ్రామములో ఆదివారమున కూడునది ఆరు కుటుంబములే కావచ్చును. 1860ల దశకములో హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషనరీలు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపున పని ప్రారంభించినప్పుడు అక్కడ సంఘమే లేదు. చలి దేశమునుండి మన ఎండలోనికి వచ్చిన అట్టివారి ఓర్పు వలన మన ప్రాంతమున అనేకులు వాక్యము వినిరి. కొంచెముతో మొదలైన దినమును చిన్నచూపు చూడవద్దని జెకర్యా 4:10 మనలను హెచ్చరించుచున్నది.

నాలుగవది: దారి మూయబడినను వాక్యము మూయబడదు. హిమమును గొఱ్ఱెబొచ్చువలె కురియించు దేవుడే తన మాటను పంపి దానిని కరగించునని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. మీ కష్టమునకు ఇంకను వేసవి రాకపోవచ్చును. ఆయన మాట మీ యింటిలో ప్రతి దినము చదువబడనిండు.

గృహ కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇండ్లలో ఎవరి పని ఎవరికిని కనబడకుండ జరుగుచున్నది? ఈ వారము వారికి ఏమని చెప్పుదుము?
2. దూరమున నున్న మన బిడ్డలును మనమును ఒకే దినమున ఒకే వాక్యము చదువుటకు ఏర్పాటు చేసికొనగలమా?
3. ఫలము కనబడలేదని మనము విడిచిన మంచి పని ఏది?

ప్రార్థన

తండ్రీ, హిమములోను ఎండలోను నీవే మా గృహములకు కప్పువు. బిడ్డలను ఎడబాసిన తలిదండ్రులను ఆదరించుము. మా చేతుల పనిని నీ పనిగా చేయుము. కోతను చూడకపోయినను విత్తుటకు మాకు కృపనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.