వేటబల్లెము

విశాఖపట్టణమున నేడు ఇనుమునకు కొదువ లేదు. అచ్చటి ఉక్కు కర్మాగారమునకు 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమయ్యెను. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని దాని బ్లాస్టు కొలుములకు నదుల పేరులును, దేవత పేరును పెట్టిరి. అయినను ఆ నగరపు వీధి కొలిమిలో కమ్మరి యొకడు పూర్వకాలపు వేటబల్లెమునకు సరియైన ప్రతిరూపమును చేయబూనినచో, ఈ సమృద్ధి అతనికి తోడ్పడునది కొంచెమే.

ఇట్టి ప్రతిరూపములతో పని యేమి? గతించిన కాలపు జీవనమును మరల నడపి చూపు బృందములు ఐరోపా, అమెరికా ఖండములలో పెక్కు కలవు. వారు నాటి తీరున నేసిన బట్టలు కట్టి, నాటి పాత్రలవంటి పాత్రలలో వండి, నాటి పనిముట్లను కమ్మరులచేత చేయించి వాడి చూతురు. అద్దపు బీరువాలోని వస్తువును ఎంతసేపు చూచినను అది ఎందుకట్లు చేయబడినదో తెలియదు. చేయబూనినపుడే తెలియును.

వేటబల్లెమునకును యుద్ధపు ఈటెకును భేదము కలదు. అడవిపంది గాయపడినను వెనుదీయదు. నూరు కిలోలకు పైబడిన మగపంది తన దేహమున దిగిన బల్లెపు కర్ర వెంబడియే తోసికొని వచ్చి, పట్టినవాని తొడను కోరలతో చీల్చగలదు. అందుచేతనే మధ్యయుగపు ఐరోపాలో పందివేటకు వాడిన బల్లెములకు అలుగు క్రింద ఇరుప్రక్కల రెక్కలుగాని, అడ్డముగా ఒక కమ్మిగాని ఉండెడిది. చూచువారికి అది అలంకారము, వేటగానికి ప్రాణము. అలుగును తగిన లోతున ఆపి, మృగమును దూరమున నిలుపునది అదియే.

విశాఖ మన్యమునకును బల్లెము పాత నేస్తము. అరకు, పాడేరు ప్రాంతములు 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. నేడు అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. అచ్చటి గిరిజనులు వేసవిలో జరుపుకొను ఇటుకల పండుగలో మగవారు విండ్లు, బల్లెములు చేపట్టి వేటకు పోవుట తరతరాల ఆచారము. వట్టిచేతులతో మరలి వచ్చినవారికి ఆడువారి ఎగతాళి తప్పెడిది కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది.

ఇక బల్లెమును చేయు విధము. కమ్మరి మొదట ఇనుపకడ్డీ యొక్క ఒక కొనను కాల్చి, దాగలిపై సమ్మెటతో కొట్టి విసనకర్రవలె పలుచగా పరచును. దానిని మెల్లమెల్లగా గుండ్రముగా చుట్టి, కర్ర దూరుటకు గొట్టముగా చేయును. చూచువారి కన్నులు మొనపై నుండును గాని, పనివాని దిగులంతయు ఇచ్చటనే. పంది తోపునకు విరుగునది మొన కాదు. గొట్టము అలుగుతో కలియు మెడ. గొట్టపు అంచులను అతుకుటకు ఇనుమును తెల్లగా కాల్చవలెను. తొందరపడి తీసిన అతుకు పట్టదు. ఆలస్యమైన లోహమే రవ్వలై మండిపోవును.

రెండవ కొనను ఆకువలె సాగగొట్టి, నడుమ వెన్నెముకవంటి గట్టును విడిచి, అంచులను పలుచన చేయును. ఆపై పదును పెట్టుట. సుమారు 770 డిగ్రీల వేడిమిలో ఇనుము అయస్కాంతమునకు అంటుకొనుట మానును. నేటి పనివారికి అది ఒక గుర్తు. పూర్వులకు రంగే గుర్తు. అందుచేతనే కొలిమి నీడపట్టున ఉండవలెను. ఎండలో ఆ ఎరుపు తక్కువగా తోచి, ఉక్కు మితిమీరి కాలును. నూనెలో ముంచి తీసిన అలుగు గాజువలె పెళుసు. దానిని తోమి మరల మెల్లగా వేడిచేసినచో పైన గడ్డిరంగు, పిదప గోధుమరంగు, ఊదా, నీలి రంగులు వరుసగా వచ్చును. చిన్న కత్తికి గడ్డిరంగు చాలును. బల్లెమును మాత్రము 300 డిగ్రీల దగ్గరి నీలిరంగు వరకు పోనీయవలెను. కాఠిన్యము కొంత తగ్గినను అది విరుగక నిలుచును. ఆయుధములను ఏయే ద్రవములలో ముంచవలెనో 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పియున్నాడు. వానిలో కొన్ని నేడు విచిత్రముగా తోచును గాని, ద్రవమును బట్టి చల్లారు వేగము మారునన్నది నిజమే.

ఏ ఉక్కుతో చేయవలెను? సులభముగా దొరకునది పాత లారీ కమాను పట్టీ. అది మంచి ఉక్కే. కాని అంతటను ఒకే తీరు. పూర్వము చిన్న కొలుములలో బొగ్గుతో తీసిన ఇనుములో చిట్టెపు చారలు మిగిలి, గట్టిదనము చోటుచోటునకు మారెడిది. కావున మెత్తని ఇనుముతో మెడను చేసి, అంచునకు మాత్రము ఉక్కును అతుకుట నాటి నేర్పు.

ఆ ఉక్కులో మేలైనది తెలుగునాటనే, నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మట్టిమూసలలో తయారయ్యెడిది. పారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పనిని చూచి వ్రాసిన వివరణము 1832లో అచ్చయ్యెను. తరువాత ఆ కొలుములు చల్లారెను. 20వ శతాబ్ది చివర అమెరికాలో జాన్ వెర్హోవెన్ అను లోహశాస్త్రజ్ఞుడును, ఆల్ఫ్రెడ్ పెండ్రే అను కమ్మరియు కలిసి అట్టి ఉక్కును మరల చేయబూనిరి. ఆ ఉక్కుపై నీటి అలలవంటి గీతలు తేలుటకు వెనేడియమువంటి లోహముల స్వల్పాంశము కారణమని వారు చూపిరి. ఇందు శాస్త్రజ్ఞునికి సుత్తి పట్టువాని తోడు కావలసి వచ్చినది గమనింపదగును.

ప్రదర్శనకై చేసిన బల్లెపు అంచులను చివరకు ఆకురాయితో మొద్దు చేయవలెను. ప్రక్కవానికి తగిలిన ప్రమాదము. గొట్టపు అతుకును, అడ్డుకమ్మిని మాత్రము నిజముగా పంది ఎదుట నిలుచువానికి చేసినట్లే చేయవలెను. పిదప కర్రను గొట్టమున బిగించి, ప్రక్కనుండి ఒక చీల దిగగొట్టిన పని ముగియును.