దుమ్ము వేరు, నూగు వేరు, బూజు వేరు

చీపురు పట్టే ముందు కంటబడిన మురికి ఏమిటో తేల్చుకోండి. కొన్నిటిని పొడిగా తీయాలి, కొన్నిటిని తడిపి తీయాలి. ఆ వరస తప్పితే మురికి పోదు, గోడ మీది నుంచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

1. దుమ్ము. విజయవాడలో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు పక్క ఇళ్ళలో కిటికీ ఊచల మీద పేరుకునేది ఇదే. ఫ్యాన్ ఆపి, గట్టిగా పిండిన తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. నేల చివర్లో.

2. నూగు. మంచం కింద ఉండలు కట్టేది. చీరల పోగులు, దుప్పట్ల పీచు, రాలిన వెంట్రుకలు అన్నీ కలిసి ఉంటాయి. చీపురు విసురుగా ఆడిస్తే లేచి మరో మూలకు పోతుంది, తడిగుడ్డతో ఒడిసి పట్టాలి. అదే తెల్లగా, పట్టులా మెరుస్తూ ఉంటే బూరుగు దూది. ఎక్కడో దిండు కుట్టు విడిందన్నమాట. ఊడ్చడం కాదు, సూదీ దారం తీయండి.

3. బూజు. ఇందులో రెండున్నాయి. సంక్రాంతి ముందు బూజుకర్రతో దులిపేది సాలెగూళ్ళ బూజు. దాన్ని పొడిగానే తీయాలి, తడి తగిలితే సున్నం మీద నల్లటి చారలు పడతాయి. రెండోది వానాకాలపు చెమ్మ బూజు. గోడల అడుగున, బీరువాలోని తోలు బెల్టుల మీద పడుతుంది. ఇది ప్రాణమున్న శిలీంధ్రం. దీన్ని దులిపితే కంటికి కనపడని బీజాలు గదంతా పరుచుకుంటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్ళతో తుడిచి, వస్తువుల్ని బాగా ఆరనివ్వండి. గోడలోకి నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చూడకపోతే మళ్ళీ వస్తుంది. పచ్చడి జాడీలో బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినవద్దు.

4. మసి, బూడిద. గడ్డి తగలబెట్టిన పొలాల నుంచి కొట్టుకొచ్చే మసి వేలికి నల్లగా అంటుతుంది. నీళ్ళు పోస్తే పాకుతుంది, ముందు పొడి స్పాంజితో అద్ది తీయండి. ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బొగ్గు కాలగా మిగిలే బూడిద మాత్రం చేతికి మెత్తగా తగులుతుంది గానీ, అందులో గాజులాంటి సన్నటి రేణువులుంటాయి. పొడిగుడ్డతో రుద్దితే కిటికీ అద్దం గీసుకుపోతుంది. ముందు నీళ్ళు.

5. గార. బోరునీళ్ళు కుళాయి మీద వదిలే తెల్లటి పొర. నిమ్మఉప్పు నీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచండి. మార్బుల్ మీద వద్దు, రాయి తింటుంది.

6. ఒండ్రు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ఇళ్ళు మునిగాక ఇది అందరికీ అనుభవమైంది. వీధులకు ఫైరింజన్లు వచ్చి కడగాల్సి వచ్చింది. ఒండ్రు ఆరితే పెంకు కడుతుంది, అందుకే తడిగా ఉండగానే పారతో ఎత్తాలి, తర్వాతే కడగాలి. అంతకన్నా ముందు మెయిన్ స్విచ్ తీసేయండి, తడిసిన బోర్డుల్ని ఎలక్ట్రీషియన్ చూసేదాకా కరెంటు పెట్టకండి. ఆ నీళ్ళలో మురుగు కలిసి ఉంటుంది కనుక కడిగిన నేలను బ్లీచింగ్ నీళ్ళతో మరోసారి తుడవండి. బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ కలపకండి. వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ప్రాణం తీయగలదు.